జీరగొంతు గాయని ఆల్బంలను వరుసగా వినే పద్ధతి: బోనీ టైలర్ పాటలు, అమ్మకాల ఎత్తుపల్లాలు

విశాఖపట్నంలో ఇంగ్లీషు పాటలు వినే అలవాటున్న నడివయసువారిని బోనీ టైలర్ గురించి అడిగితే, రెండు మూడు పాటల పేర్లు వెంటనే చెప్పి అక్కడితో ఆగిపోతారు. ఆమె 1977 నుంచి 2021 వరకు 18 స్టూడియో ఆల్బంలు చేశారనీ, వాటిలో ఒకటి బ్రిటన్ చార్టులోకి, అంటే వారంవారం వెలువడే అమ్మకాల జాబితాలోకి, అడుగుపెట్టిన వారమే మొదటి స్థానంలో నిలిచిందనీ, మరికొన్నింటిని సొంత దేశం దాదాపు పట్టించుకోలేదనీ చెబితే ఆశ్చర్యపోతారు. గొంతు ఒక్కటే అయినప్పుడు అమ్మకాలు ఇంతగా ఎందుకు మారాయన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వదలలేదు. జవాబు కోసం ఆ ఆల్బంలను వరుసగా వింటూ పోగా నాకు కుదిరిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఆమె పాటలు ఇష్టపడేవారికే కాక, ఏ గాయని ప్రస్థానాన్నయినా మొదటి నుంచి వినాలనుకునేవారికి ఈ పద్ధతి ఉపయోగపడుతుందని నా నమ్మకం.

వినే గది, రాసుకునే పుస్తకం

ముందుగా ఒక గీతల నోటుపుస్తకం తీసుకుని ఒక్కో ఆల్బంకు ఒక్కో పేజీ కేటాయించండి. పేజీ పైభాగంలో విడుదలైన సంవత్సరం, రికార్డు కంపెనీ, నిర్మాత, ముఖ్యమైన పాటల రచయితలు, ఏ దేశంలో ఏ స్థానం అన్న వివరాలకు చోటు వదలండి. కింది భాగమంతా మీ చెవికి తోచిన మాటల కోసం ఉంచండి. ఆల్బం విన్న తరువాతనే పైభాగం నింపాలన్నది ఈ పద్ధతిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే నియమం. అంకె ముందే కంటబడితే, అమ్ముడుపోని ఆల్బంలో లోపాలే వినిపిస్తాయి, అమ్ముడుపోయినదానిలో గుణాలే వినిపిస్తాయి. నేను మొదటిసారి ఆ పొరపాటే చేసి, 1986 నాటి ఆల్బంను సగంలో ఆపేశాను. కొన్నేళ్ల తరువాత అంకెలు మరిచిపోయి విన్నప్పుడు గాని ఆ గొంతు అందులో ఎంత నిండుగా ఉందో తెలియలేదు. వీలైతే ఈ వ్యాసాన్ని కూడా ఒక్కో ఆల్బం విన్నాక కొంత చొప్పున చదువుకోండి.

పద్దెనిమిదీ మొదటి విడతలోనే వినవలసిన అవసరం లేదు. 1977, 1978, 1983, 1986, 1988, 1991, 2005, 2019 నాటి ఎనిమిది ఆల్బంలు విన్నవారికి మొత్తం కథ అందుతుంది. వారానికి ఒకటి చాలు. ఒకే రోజు రెండు వింటే రెండోదాని జీర మొదటిదానితో కలిసిపోయి, తేడా చెప్పడం కష్టమవుతుంది.

ఇక వినే చోటు. విశాఖవాసులకు పాటలు వినడమంటే హెడ్‌ఫోన్లు పెట్టుకుని బీచ్ రోడ్డులో నడవడమే అలవాటు. తెల్లవారుజామున వాహనాలను ఆపివేసే వేళ రామకృష్ణా బీచ్ నుంచి నడుస్తూ వినడంలో ఎంతో హాయి ఉన్న మాట నిజమే గాని, ఈ గాయనిని అక్కడ మొదటిసారి వినవద్దు. జీరగొంతులో పాటతో పాటు గాలి శబ్దం కూడా బయటికి వస్తుంది. అల విరిగి ఇసుక మీద పరుచుకునేటప్పుడు వచ్చే హోరు కూడా అటువంటి గాలి శబ్దమే కాబట్టి, ఆ హోరులో జీరలోని సన్నని పొరలు మునిగిపోయి రాగం ఒక్కటే మిగులుతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాను కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. మే నెలలో ఫ్యాను ఆపి నలభై నిమిషాలు కూర్చోవడం ఈ ఊళ్లో ఎవరివల్లా అయ్యే పని కాదు గనుక, డిసెంబరు, జనవరి నెలల ఉదయాలను ఇందుకు కేటాయించుకోవడం మంచిది. నేను అలాగే చేశాను.

స్ట్రీమింగ్ యాప్‌లలో వినేవారు మరొక జాగ్రత్త పాటించాలి. బోనీ టైలర్ తన పేరున్న పాటలను తరువాతి కాలంలో మళ్లీ మళ్లీ రికార్డు చేశారు. యాప్‌లో పేరు కొట్టగానే పైన కనిపించేది పాత రికార్డింగే అన్న హామీ లేదు. పాట కింద ఉన్న ఆల్బం పేరు, సంవత్సరం చూడండి; నిడివి కూడా చూడండి. ఉదాహరణకు ‘టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ద హార్ట్’ 1983 ఆల్బంలో దాదాపు 7 నిమిషాలు ఉంటుంది. సింగిల్‌గా, అంటే విడిగా ఒక్క పాటగా, విడుదలైనది నాలుగున్నర నిమిషాలకు కుదించినది. మీరు విన్నది ఏదో తెలియకుండా అభిప్రాయం రాసుకుంటే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు.

జీర అంటే ఏమిటో ముందు చెవికి తెలియాలి

మన ఉత్తరాంధ్ర చెవి తేట గొంతులకు అలవాటుపడింది. ఘంటసాల సంగీతం నేర్చింది విజయనగరంలో; సుశీల పుట్టింది విజయనగరంలో. వారి పాటలతో పెరిగినవారికి జీరగొంతు మొదట లోపంగా వినిపించడం సహజం. కానీ అదే ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవారి గొంతు, రాత్రంతా బుర్రకథ చెప్పి తెల్లవారేసరికి బొంగురుపోయిన గొంతు కూడా మనకు తెలియనివి కావు. కథకుడి గొంతు బొంగురుపోయిన తరువాత కథ ఇంకా బాగా పట్టుకుంటుందని మా పెద్దలు అనేవారు. బోనీ టైలర్ పాటలు వినే ముందు ఆ గొంతులను ఒకసారి గుర్తు చేసుకుంటే, చెవి త్వరగా సిద్ధమవుతుంది.

ఆమె అసలు పేరు గేనర్ హాప్కిన్స్. 1951 జూన్ 8న వేల్స్ దేశంలోని స్క్యూయెన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆ ఊరి పక్కనే లాండార్సీలో నూనె శుద్ధి కర్మాగారం ఉండేది. కొద్ది దూరంలో పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారం, ఓడరేవు ఉన్నాయి. మల్కాపురం రిఫైనరీ గొట్టాలను, గాజువాక వైపు ఉక్కు కర్మాగారాన్ని, రేవుకు వచ్చే బొగ్గును రోజూ చూసే మనకు అటువంటి ఊరిని ఊహించుకోవడం కష్టం కాదు. ఆమె గొంతు తయారైంది అటువంటి ఊళ్లలోని క్లబ్బులలో. పని దిగివచ్చిన జనం మాట్లాడుకుంటూ, తాగుతూ, పొగ కాలుస్తూ ఉండగా, ఆ గోల మీదుగా వినపడేటట్టు వారంలో చాలా రాత్రులు పాడాలి. 1969లో ఒక స్థానిక పోటీలో రెండో స్థానం పొందినప్పటి నుంచి, 1975లో స్వాన్సీ నగరంలోని ఒక క్లబ్బులో రికార్డు కంపెనీల తరఫు మనిషి కంటపడేవరకు ఆమె పని అదే.

పలుగు పట్టిన చేతులు కాయలు కాసినట్టే, అతిగా వాడిన స్వరతంత్రుల మీద కూడా బొడిపెలు ఏర్పడతాయి. మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు రెండు స్వరతంత్రులూ సెకనుకు వందలసార్లు దగ్గరికి వచ్చి విడిపోతాయి. మధ్యలో బొడిపె ఉంటే అవి పూర్తిగా మూసుకోవు. ఆ సందులోంచి గాలి తప్పించుకుపోతుంది, కంపనం ఒక తీరుగా ఉండదు. మనం గరగర అనీ జీర అనీ అనేది దానినే. బోనీ టైలర్‌కు 1977 ప్రాంతంలో ఆ బొడిపెలను తీసివేయడానికి శస్త్రచికిత్స చేశారు. కొన్ని వారాలపాటు ఒక్క మాట కూడా మాట్లాడవద్దని వైద్యులు చెప్పారు. ఆ మౌనంలో ఒకనాడు విసుగెత్తి ఆమె గట్టిగా అరిచేశారనీ, దానితో గొంతు శాశ్వతంగా మరింత బొంగురుపోయిందనీ ఆమే ఎన్నో సందర్భాలలో చెప్పారు. ఇక తన పాట అయిపోయిందని భయపడ్డారు కూడా. జరిగింది వేరు.

ఇక్కడ మీరు చేయవలసిన మొదటి అభ్యాసం ఉంది. 1977లో ఆర్‌సీఏ కంపెనీ విడుదల చేసిన మొదటి ఆల్బం ‘ద వరల్డ్ స్టార్ట్స్ టునైట్’ నుంచి ‘లాస్ట్ ఇన్ ఫ్రాన్స్’ వినండి. అది 1976లో సింగిల్‌గా వచ్చి బ్రిటన్‌లో 9వ స్థానానికి చేరిన పాట. వెంటనే రెండో ఆల్బం ‘నేచురల్ ఫోర్స్’ నుంచి ‘ఇట్స్ ఎ హార్ట్‌ఏక్’ వినండి. మొదటి పాటలో గొంతు కాస్త బొంగురుగానే ఉన్నా, పై స్వరాలు అంచు చెదరకుండా వస్తాయి. రెండో పాటలో చరణం లోతుగా, దాదాపు మాటలాగా మొదలై, పల్లవిలో గొంతు పైకి లేచినచోట స్వరం అంచు చీలుతుంది. ఆ చీలికను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి వినండి. ఆ ఒక్క శబ్దం చెవికి పట్టుబడితే మిగిలిన పదహారు ఆల్బంలలోనూ దానిని గుర్తుపట్టగలరు. ‘ఇట్స్ ఎ హార్ట్‌ఏక్’ బ్రిటన్‌లో 4వ స్థానానికి, 1978లో అమెరికాలో 3వ స్థానానికి చేరింది. అమెరికాలో రెండో ఆల్బంకు ఆ పాట పేరే పెట్టి విడుదల చేశారు. 5 లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు ఆ ఆల్బంకు దక్కింది.

ఆ జీరను అనుకరించాలని ప్రయత్నించే పిల్లలను నేను చూశాను. గొంతు నొక్కిపెట్టి ఆ శబ్దం తీస్తే రెండు మూడు వారాలలో మామూలు మాట కూడా బొంగురుపోతుంది. అలా రెండు వారాలకు మించి ఉంటే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించాలి. వినడానికే ఈ గొంతు, సాధన చేయడానికి కాదు.

తరువాతి రెండు ఆల్బంలు, 1979 నాటి ‘డైమండ్ కట్’, 1981 నాటి ‘గుడ్‌బై టు ది ఐలండ్’, ఇప్పటికి పక్కన పెట్టవచ్చు. అవీ అదే తరహా కంట్రీ పాప్ పాటలు, అంటే అమెరికా పల్లెపాటల ఛాయ ఉన్న పాప్ పాటలు. 1979లో టోక్యోలో జరిగిన యమహా ప్రపంచ పాటల పోటీలో ఆమె బ్రిటన్ తరఫున గెలిచినా, పెద్ద మార్కెట్లలో అమ్మకాలు పడిపోయాయి. మీ పుస్తకంలో మాత్రం ఒక మాట రాసుకోండి: గొంతు 1978లో ఉన్నట్టే ఉంది. మారనిదేదో రాసుకుంటేనే మారినదేదో కనిపిస్తుంది.

1983ను ఎలా వినాలి

ఈ ఆల్బంకు రెండు ఉదయాలు కేటాయించండి. ఆర్‌సీఏతో ఒప్పందం ముగిశాక బోనీ టైలర్ సీబీఎస్ కంపెనీకి వెళ్లారు. తనకు జిమ్ స్టైన్‌మన్ నిర్మాతగా కావాలని ఆమే పట్టుబట్టారు. గాయకుడు మీట్ లోఫ్ కోసం స్టైన్‌మన్ రాసిన పాటలను టెలివిజన్‌లో చూసి కలిగిన కోరిక అది. కంట్రీ పాప్ గాయనిగా పేరుబడిన ఆమెకు, నాటకాల వంటి భారీ పాటలు రాసే ఆయనకు పొత్తు కుదరదని చాలామంది అనుకున్నారు. స్టైన్‌మన్ మొదట ఒప్పుకోలేదు. తరువాత న్యూయార్క్‌కు పిలిపించి, క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్, బ్లూ ఆయిస్టర్ కల్ట్ బృందాల పాటలు ఒక్కొక్కటి వినిపించి, అవి నచ్చాయా అని అడిగారు. నచ్చకపోయి ఉంటే కలిసి పనిచేసేవారు కాదన్నమాట. ఆ రెండు పాటలూ ‘ఫాస్టర్ దాన్ ద స్పీడ్ ఆఫ్ నైట్’ ఆల్బంలో ఉన్నాయి. అందుచేత మొదటి ఉదయం ఆ రెండింటితోనే మొదలుపెట్టండి: ‘హావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్’, ‘గోయిన్ త్రూ ద మోషన్స్’. నిర్మాతకు, గాయనికి మధ్య కుదిరిన ఒప్పందం ఏమిటో అవి వింటే తెలుస్తుంది.

ఆ తరువాత ‘టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ద హార్ట్’ పొడుగుపాటి రికార్డింగు వినండి. మొదటిసారి మాటలు పట్టించుకోకుండా కొలతలు మాత్రం గమనించండి. పియానో ఒక్కటే ఉన్నప్పుడు ఆమె ఎంత దగ్గరగా పాడుతున్నారో, డ్రమ్ములు ఎక్కడ ప్రవేశించాయో, అంత పెద్ద వాద్యసమూహం మీద గొంతు ఎలా నిలబడిందో చూడండి. పియానో వాయించిన రాయ్ బిటన్, డ్రమ్ములు వాయించిన మాక్స్ వైన్‌బర్గ్ ఇద్దరూ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందంలోనివారు. ‘టర్న్ అరౌండ్’ అంటూ మధ్య మధ్య పిలిచే మగ గొంతు రోరీ డాడ్‌ది. ఆ గొంతు నున్నగా, పొరపొచ్చెం లేకుండా ఉంటుంది. ఆ నునుపు పక్కన పెట్టినందువల్లనే ఈమె గరుకుతనం రెండింతలుగా వినిపిస్తుంది. మన వంటలో తీపి పక్కన పులుపు పెట్టే నేర్పు వంటిది ఇది. నా దృష్టిలో ఆ పాట విజయానికి మూలం ఆ ఎదురుబొదురు అమరికే. ఆమెకు ముందు పనిచేసిన నిర్మాతలు ఎవరూ ఆ జీరకు తగినంత ఎత్తయిన గోడలు కట్టలేదు.

రెండో ఉదయం ‘టియర్స్’ వినండి. అందులో ఆమెతో కలిసి పాడిన ఫ్రాంకీ మిల్లర్ స్కాట్లండ్‌కు చెందిన మరో జీరగొంతు గాయకుడు. రెండు జీరలు ఒకేచోట ఉంటే ఏమవుతుందో దానిని వింటే తెలుస్తుంది: దేని ప్రత్యేకతా దానికి మిగలదు. మంచి పాటే గాని, పై పాటతో పోల్చి వినడం వల్ల కలిగే తెలివిడి అంతకంటే విలువైనది.

ఇప్పుడు పేజీ పైభాగం నింపండి. ఆ సింగిల్ 1983 మార్చిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అక్టోబరులో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో 4 వారాలు అక్కడే ఉంది. ఆ వారాలలో చాలావరకు రెండో స్థానంలో ఉన్న ఎయిర్ సప్లై బృందం పాట కూడా స్టైన్‌మన్ రాసినదే. ఆల్బం బ్రిటన్‌లో విడుదలైన వారమే మొదటి స్థానంలోకి వచ్చింది. అమెరికాలో 4వ స్థానానికి చేరి, 10 లక్షల ప్రతులకు ఇచ్చే ప్లాటినం గుర్తింపు పొందింది. రెండు గ్రామీ అవార్డు ప్రతిపాదనలు వచ్చాయి, ఒకటి పాప్ విభాగంలో, మరొకటి రాక్ విభాగంలో. ఒకే గొంతు రెండు విభాగాలలోనూ పట్టినదని దాని అర్థం. రసెల్ మల్‌కాహీ తీసిన వీడియోను అప్పటికి రెండేళ్ల వయసున్న ఎంటీవీ విరివిగా వేయడం కూడా అమెరికా అమ్మకాలకు తోడ్పడింది.

అంకెలు రాసేటప్పుడు ఒక సంగతి మరవవద్దు. చార్టు స్థానం అంటే ఆ వారంలో మిగిలిన రికార్డులతో పోలిస్తే ఎక్కడ నిలిచిందన్న లెక్క. గోల్డ్, ప్లాటినం అంటే మొత్తం ఎన్ని ప్రతులన్న లెక్క. ఒక మందకొడి వారంలో 5వ స్థానం తెచ్చుకున్న ఆల్బం, పోటీ తీవ్రంగా ఉన్న వారంలో 20వ స్థానంలో నిలిచినదానికంటే తక్కువ అమ్ముడుపోయి ఉండవచ్చు. పైగా గుర్తింపుకు కావలసిన ప్రతుల సంఖ్య దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 3 లక్షల ప్రతులకు ప్లాటినం ఇస్తే, అమెరికాలో 10 లక్షలు కావాలి. రెండు లెక్కలనూ ఒకే గడిలో రాసి కలిపేయడం వల్లనే చాలామంది ఈ గాయని గురించి తప్పుడు నిర్ణయాలకు వస్తారు.

పాట ముందే పాడినా ఫలం దక్కని ఏళ్లు

1984లో ఒక హాలీవుడ్ చిత్రం కోసం పాడిన ‘హోల్డింగ్ ఔట్ ఫర్ ఎ హీరో’తో ఈ భాగం మొదలుపెట్టండి. ఆ పాట అమెరికాలో 34వ స్థానం దగ్గర ఆగింది. బ్రిటన్‌లో మొదటి విడుదలలో 96వ స్థానం దాటలేదు. 1985లో మళ్లీ విడుదల చేస్తే 2వ స్థానానికి చేరింది. రికార్డింగు అదే, గొంతు అదే, ఏడాది తేడా మాత్రమే. మీ పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా ఒక పేజీ ఇవ్వండి.

1986 నాటి ‘సీక్రెట్ డ్రీమ్స్ అండ్ ఫర్‌బిడెన్ ఫైర్’ కూడా స్టైన్‌మన్ నిర్మించినదే. బ్రిటన్‌లో 24వ స్థానం, అమెరికాలో 106. మూడేళ్ల కిందట 4వ స్థానంలో నిలిచిన గాయనికి ఇది పెద్ద పతనం. వినేటప్పుడు ‘ఇఫ్ యూ వర్ ఎ వుమన్’ దగ్గర ఆగండి. రాసినవారు డెస్మండ్ చైల్డ్. ఫ్రాన్స్‌లో బాగా ఆడినా, అమెరికాలో 77వ స్థానం దాటలేదు. అది తగినంత పెద్ద హిట్టు కాలేదని డెస్మండ్ చైల్డ్ నొచ్చుకున్నారు. అదే ఏడాది ఆ పల్లవి నిర్మాణాన్ని తీసుకుని బాన్ జోవీ బృందంతో కలిసి ‘యూ గివ్ లవ్ ఎ బ్యాడ్ నేమ్’ రాస్తే, అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వినండి. బంధుత్వం మొదటి పల్లవిలోనే తెలిసిపోతుంది.

1988 నాటి ‘హైడ్ యువర్ హార్ట్’ ఆల్బంను వినేటప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. దీనికి డెస్మండ్ చైల్డే నిర్మాత. ఇందులోని ‘ద బెస్ట్’ పాటను మైక్ చాప్‌మన్, హాలీ నైట్ రాశారు. మొదట పాడినది బోనీ టైలరే. బ్రిటన్‌లో 95వ స్థానం వచ్చింది. మరుసటి ఏడాది టీనా టర్నర్ పాడితే బ్రిటన్‌లో 5, అమెరికాలో 15. ఆల్బం పేరుపాటను 1989లో కిస్ బృందం పాడింది. ‘సేవ్ అప్ ఆల్ యువర్ టియర్స్’ను 1991లో అమెరికా గాయని షేర్ పాడారు. ఒకే ఆల్బంలోని మూడు పాటలు మూడు పెద్ద పేర్ల చేతికి వెళ్లాయంటే, పాటల ఎంపికలో లోపం లేదని స్పష్టమవుతుంది. ‘ద బెస్ట్’ రెండు రికార్డింగులనూ కలిపి వినేటప్పుడు, ఎవరు బాగా పాడారన్న వాదనకు వెళ్లకుండా, ఎక్కడ తేడా ఉందో చూడండి. టర్నర్ రికార్డింగులో ఒక వంతెన భాగం (పల్లవికీ చరణానికీ భిన్నంగా మధ్యలో వచ్చే భాగం), స్వరస్థాయి మార్పు, సాక్సఫోన్ వాద్యం చేరాయి. పాట చివరికి వచ్చేసరికి మెట్టు ఎక్కినట్టు ఉంటుంది. టైలర్ రికార్డింగు మొదటి నుంచి ఒకే ఎత్తున సాగుతుంది. అదీగాక టర్నర్ అప్పటికి 1984 నాటి ఘనవిజయం మీద నిలబడి ఉన్నారు. టైలర్ ఒక పతనం తరువాత నిలబడి ఉన్నారు. దుకాణదారు ఏ పెట్టెలను ముందు వరుసలో పెడతాడో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. జగదాంబ కూడలి దగ్గర క్యాసెట్లు కొనుక్కున్న తరానికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. వెనుక వరుసలో ఉన్న క్యాసెట్ ఎంత మంచిదైనా, అడిగినవాడికే అందేది.

దేశం మార్చి చూడడం

1991లో ఆమె జర్మనీకి చెందిన హాన్సా కంపెనీలో చేరి, అక్కడి పాటల రచయిత, నిర్మాత డీటర్ బోలెన్ పాటలతో ‘బిట్టర్‌బ్లూ’ చేశారు. బ్రిటన్, అమెరికా లెక్కలు మాత్రమే చూసేవారికి ఆమె కథ 1988తోనే ముగిసినట్టు కనిపిస్తుంది. ఈ ఆల్బం నార్వేలో మొదటి స్థానానికి చేరింది. జర్మన్ మాట్లాడే దేశాలలో కూడా ఆదరణ పొందింది. నార్వే జనాభా అప్పటికి 42 లక్షల పైచిలుకు. 2011 జనగణన నాటి ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనాభా కూడా దాదాపు అంతే. ఒక జిల్లాకు సరిపడే జనం ఒక గాయనిని నెత్తిన పెట్టుకుంటే ఆమె మరికొన్ని ఆల్బంలు చేయగలదని ఇక్కడ గ్రహించవచ్చు. హాన్సాతోనే 1992లో, 1993లో మరి రెండు వచ్చాయి. సంగీతపరంగా అవి నాకు అంతగా నచ్చవు. యంత్రాల డ్రమ్ముల మధ్య జీర తన పొరలను కోల్పోతుంది. ‘బిట్టర్‌బ్లూ’ పేరుపాట విని ముందుకు సాగండి.

1995, 1998 ఆల్బంలను రెండో విడతకు వదిలేయవచ్చు. తరువాత చూడవలసినది ఫ్రాన్స్. కరీన్ ఆంటన్ అనే గాయనితో కలిసి, పాత ‘టోటల్ ఎక్లిప్స్’నే ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలు కలిపి పాడితే, 2004లో అది ఫ్రాన్స్‌లో 10 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఇరవై ఏళ్ల తరువాత అదే పాట, మరో భాష, మరో మార్కెట్. ఆ ఊపులో వచ్చిన 2005 నాటి ‘వింగ్స్’లో పాత పాటల కొత్త రికార్డింగులు ఉన్నాయి. 1983 నాటి పాటనూ, ఇందులోని దానినీ ఒకే ఉదయం వింటే, వయసుతో పాటు జీర ఎలా ముదిరిందో తెలుస్తుంది: పై స్వరాలలో చీలిక తగ్గి, కింది స్వరాలలో గరుకు పెరిగింది.

2013లో ఆమె బ్రిటన్ తరఫున స్వీడన్‌లోని మాల్మో నగరంలో జరిగిన యూరోవిజన్ అనే ఐరోపా దేశాల పాటల పోటీలో పాడి 19వ స్థానంలో నిలిచారు. ఈ సంగతిని ఒక్క వాక్యంలో రాసుకుంటే చాలు. 2017 ఆగస్టు 21న అమెరికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు, ఒక ఓడ మీద ఆమె ‘టోటల్ ఎక్లిప్స్’ పాట పాడారు; ఎక్లిప్స్ అంటే గ్రహణమే. ఆ రోజులలో 34 ఏళ్ల నాటి ఆ పాట డౌన్‌లోడ్ జాబితాలలో మళ్లీ పైకి లేచింది. ఆకాశంలో జరిగినదానికి ఆల్బం నాణ్యతతో సంబంధం లేదు గనుక, ఆ పేజీలో కారణం అన్న చోట గ్రహణం అనే రాయండి.

చివరి ఉదయానికి 2019 నాటి ‘బిట్వీన్ ది ఎర్త్ అండ్ ద స్టార్స్’ను ఉంచుకోండి. దీని నిర్మాత డేవిడ్ మకాయ్. 1977 నాటి మొదటి ఆల్బం పని చేసినవారిలో ఆయన ఉన్నారు. నాలుగు దశాబ్దాల తరువాత మళ్లీ కలిశారు. రాడ్ స్టీవర్ట్‌తో కలిసి పాడిన యుగళగీతం కూడా ఇందులో ఉంది. బ్రిటన్ దీవులలో జీరగొంతు అనగానే గుర్తుకొచ్చే రెండు గొంతులు ఒకే పాటలో కలవడం ఇక్కడ వినవచ్చు. 1983 నాటి ‘టియర్స్’ గురించి మీరు రాసుకున్న మాటలను పక్కన పెట్టుకుని దీనిని వినండి. ఆ తరువాత ఫ్యాను వేయకుండానే ఇంకో నాలుగు నిమిషాలు ఓర్చుకుని, మళ్లీ ‘లాస్ట్ ఇన్ ఫ్రాన్స్’ పెట్టండి. నిర్మాత ఒక్కరే, గాయని ఒక్కరే, మధ్యలో ఒక శస్త్రచికిత్స, నలభై ఏళ్ల పైచిలుకు కాలం. విన్నది విన్నట్టు రాసుకుని, మొదటి పేజీలో ఇదే పాట గురించి రాసిన మాటలతో పోల్చి చూడండి.